చిన్న రంధ్రం, పెద్ద నిర్ణయం

యంత్రాన్ని విప్పకుండానే దాని లోపలి లోపాన్ని కళ్ళారా చూడగలగడం నిర్వహణ విభాగంలో పనిచేసే ప్రతి ఇంజనీరుకూ చిరకాల వాంఛ. టర్బైను కేసింగుకు ఉన్న చిన్న రంధ్రం గుండా బోరోస్కోపును లోపలికి పంపి, బ్లేడ్లపై పగుళ్ళు ఉన్నవో లేవో పరిశీలించి, కేసింగు తెరవనవసరం లేదని తేలినప్పుడు షిఫ్టులో ఉన్నవారందరికీ కలిగే ఊరట మన పాఠకులలో పలువురికి అనుభవంలో ఉన్నదే. మానవ శరీరంలోని కీళ్ళ విషయంలో వైద్యులు ఇదే పని చేస్తున్నారు. దానికి ఆర్థ్రోస్కోపీ అని పేరు. గ్రీకు భాషలో ‘ఆర్థ్రాన్’ అంటే కీలు, ‘స్కోపైన్’ అంటే చూడడం.

ఈ నెల ఈ అంశాన్ని ఎన్నుకోవడానికి కుతూహలం ఒక్కటే కారణం కాదు. ఒక పొరపాటు కూడా కారణం. ఆ పొరపాటు చేసినది మేమే.

రెండు నివేదికలు, ఒకే మాట

కొన్ని నెలల క్రితం మా విభాగంలోని ఒక ఫోర్‌మన్ ఎం.ఆర్.ఐ. నివేదిక చేతపట్టుకుని మా గదికి వచ్చారు. వయసు యాభై నాలుగు. ఏడాదిగా మెట్లు ఎక్కేటప్పుడూ, కింద కూర్చుని లేచేటప్పుడూ కుడి మోకాలు నొప్పి. దెబ్బ ఏదీ తగలలేదు. నివేదికలో ‘మెనిస్కస్ చిరుగు’ అని ఉంది. పట్టణంలోని ఒక ఆసుపత్రిలో చూపించుకోగా, “రెండే రెండు చిన్న రంధ్రాలు. ఉదయం వస్తే సాయంత్రం ఇంటికి వెళ్ళవచ్చు. ఖర్చు ఎలాగూ మీ సంస్థే భరిస్తుంది” అన్నారట. మేము వైద్యులం కాకపోయినా, ఈ శీర్షిక వ్రాస్తున్నందువల్ల ఇటువంటి ప్రశ్నలు మా వద్దకు వస్తూ ఉంటాయి. ఆ విషయమై లభించిన పరిశోధనలు చదివాము. మన ఆసుపత్రి ప్రధాన వైద్యాధికారిణిని కలుసుకోమని ఆయనకు సలహా ఇచ్చాము. ఆమె పరీక్షించి, శస్త్రచికిత్స అవసరం లేదనీ, మూడు నెలలు వ్యాయామ చికిత్స చేయమనీ చెప్పారు. చదివినది నిజమైనందుకు మాకు కొంత గర్వం కలిగిన మాట వాస్తవం.

ఆ గర్వం దిగక ముందే, ఒక క్రేన్ ఆపరేటరు గేటు వద్ద ఎదురై, “మావాడు కబడ్డీలో కాలు మెలిపెట్టుకున్నాడు సార్. మోకాలు వాచింది. స్కానింగు తీయిస్తే లోపల చిరిగిందంటున్నారు. ఆపరేషను చేయించమంటారా?” అని అడిగారు. మేము తొందరపడి, “తొందరేమీ లేదు. ఇటువంటివి వ్యాయామంతో సర్దుకుంటాయి” అన్నాము. ఇంజనీరు గారు చెప్పారు కదా అని ఆయన నమ్మారు. ఇంట్లో కట్టు కట్టించారు. మూడు వారాల తరువాత తెలిసినదేమంటే, ఆ ఇరవై ఏళ్ళ కుర్రవాని మోకాలు దెబ్బ తగిలిన నాటినుండి పూర్తిగా చాపుకోలేదు. కాలు వంగినది వంగినట్లే ఇరుక్కుపోయింది.

సంగతి విన్న వైద్యాధికారిణి మమ్మల్ని ఒకే ప్రశ్న అడిగారు. “చిరుగు ఉందా అని అడిగారే గాని, కాలు చాపగలుగుతున్నాడా అని అడిగారా?”

మేము అడగలేదు. రెండు నివేదికలలోనూ ఉన్నది ఒకే మాట. రెండు మోకాళ్ళు మాత్రం ఒకటి కావు. ఆ తేడా ఏమిటో మన పాఠకులందరికీ తెలియజేయడం మా బాధ్యత అని భావించి ఇది వ్రాస్తున్నాము.

టోక్యో తపాలా ఉద్యోగుల ఆసుపత్రి

ఈ విద్య పుట్టుక ఆసక్తికరమైనది. 1918లో టోక్యో విశ్వవిద్యాలయానికి చెందిన కెంజి తకాగి అనే వైద్యుడు, మూత్రాశయాన్ని పరిశీలించే గొట్టాన్ని ఒక మృతదేహపు మోకాలిలోకి పంపి లోపలి భాగాలను చూశారు. నాడు జపానులో క్షయవ్యాధి మోకాళ్ళకు సోకి బిగుసుకుపోయేటట్లు చేసేది. నేలపై మోకాళ్ళు మడిచి కూర్చోవడమే మర్యాద అయిన దేశంలో బిగుసుకున్న మోకాలు ఎంత కష్టమో, పీటల మీద, చాపల మీద పెరిగిన మనకు వేరే చెప్పనవసరం లేదు. వ్యాధిని తొలిదశలోనే కనిపెట్టాలన్నది తకాగి తపన.

ఆయన శిష్యుడు మసాకీ వతనబే ఆ పనిని ముందుకు నడిపించారు. ఆయన పనిచేసినది టోక్యోలోని టేషిన్ ఆసుపత్రిలో. అది జపాను ప్రభుత్వ తపాలా, తంతి శాఖ తన ఉద్యోగుల కోసం నెలకొల్పిన ఆసుపత్రి. ఉద్యోగుల వైద్యం కోసం కట్టిన ఒక శాఖాపరమైన ఆసుపత్రినుండి ప్రపంచమంతటా వ్యాపించిన చికిత్సా పద్ధతి వెలువడడం, ప్రభుత్వరంగ సంస్థలలో పనిచేసే మనకు సంతోషం కలిగించే విషయం. వతనబే ఒకదాని తరువాత ఒకటిగా పరికరాలు రూపొందించారు. వాటిలో ‘21వ నంబరు’ పరికరం ప్రసిద్ధి పొందింది. 1962లో ఆయన ఆర్థ్రోస్కోపు ద్వారానే ఒక యువకుని మోకాలిలో చిరిగిన మెనిస్కస్ ముక్కను తొలగించారు. ఆ యువకుడు బాస్కెట్‌బాల్ ఆడుతూ మోకాలు మెలిపెట్టుకున్నవాడు. 1964లో టోక్యో వెళ్ళిన కెనడా వైద్యుడు రాబర్ట్ జాక్సన్ ఈ విద్యను వతనబే వద్ద నేర్చుకుని ఉత్తర అమెరికాకు చేర్చారు.

వెలుతురు సమస్య

ఆనాటి పరికరానికి ఇంజనీర్లు ఇట్టే గుర్తించగల లోపం ఒకటి ఉండేది. గొట్టం కొసన చిన్న విద్యుద్దీపం ఉండేది. అది అప్పుడప్పుడు కీలు లోపలే పగిలిపోయేది. దీపాన్ని బయట ఉంచి వెలుతురును మాత్రమే లోపలికి పంపగలిగితే ఆ చిక్కు ఉండదు. సన్నని గాజు పోగుల కట్ట ద్వారా కాంతిని వంపులు తిప్పి తీసుకుపోయే విధానం అందుకు తోడ్పడింది. ఆ రంగానికి పునాది వేసినవారిలో ఒకరు పంజాబులోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ. ఆయన మన దేశపు ఆయుధ కర్మాగారాల శాఖలో కొంతకాలం పనిచేసి, లండను వెళ్ళి, 1954లో హెరాల్డ్ హాప్కిన్స్‌తో కలిసి గాజు పోగుల కట్ట గుండా ప్రతిబింబాన్ని పంపడంపై పరిశోధనా పత్రం ప్రచురించారు. ఆయన మరణానంతరం 2021లో భారత ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది.

అదే హాప్కిన్స్ 1959లో మరొక చమత్కారం చేశారు. అంతకు ముందు గొట్టంలో పలుచని కటకాల మధ్య పొడవైన గాలి ఖాళీలు ఉండేవి. ఆయన దానిని తలకిందులు చేసి, గొట్టం పొడవునా గాజు కడ్డీలు అమర్చి, వాటి మధ్య చిన్న గాలి ఖాళీలే కటకాలుగా పనిచేసేటట్లు రూపొందించారు. దానితో గొట్టం సన్నబడినా బొమ్మ కాంతివంతంగా నిలిచింది. నేడు మోకాలికి వాడే ఆర్థ్రోస్కోపు వ్యాసం సుమారు 4 మిల్లీమీటర్లు. దాని చూపు సూటిగా కాక సాధారణంగా 30 డిగ్రీలు పక్కకు వంగి ఉంటుంది. గొట్టాన్ని తిప్పితే మూలలు కూడా కనిపిస్తాయి.

చికిత్సలో కీలును ఉప్పునీటి ద్రావణంతో ఉబ్బించి ఖాళీ కల్పిస్తారు. ఒక రంధ్రం గుండా ఆర్థ్రోస్కోపు, మరొక రంధ్రం గుండా కత్తెర వంటి పనిముట్లు పంపుతారు. వైద్యుడు చూసేది తన చేతులను కాదు, ఎదుట ఉన్న తెరను. కోత సెంటీమీటరుకు మించదు గనుక కండరాలు చెక్కుచెదరవు. మచ్చ చిన్నది, నొప్పి తక్కువ, ఆసుపత్రి వాసం స్వల్పం. ఇవన్నీ నిజమైన లాభాలే.

రంధ్రం దేనికి?

అయితే రంధ్రం ఎంత చిన్నది అన్నది ఒక ప్రశ్న, రంధ్రం అవసరమా అన్నది వేరొక ప్రశ్న. మొదటిదానికి జవాబు చెప్పి రెండవదాన్ని మరిపించడం నేడు తరచుగా జరుగుతున్నది.

మెనిస్కస్ అంటే తొడ ఎముకకూ కాలి ఎముకకూ నడుమ నెలవంక ఆకారంలో ఉండే మెత్తని మృదులాస్థి. ప్రతి మోకాలిలోనూ ఇవి రెండు. మన భాషలో చెప్పాలంటే బరువును సమంగా పంచే ప్యాకింగు. ఒకప్పుడు ఇది పనికిరాని భాగమనుకుని మొత్తంగా తీసివేసేవారు. అలా తీసివేసిన మోకాళ్ళలో కాలక్రమేణా అరుగుదల మార్పులు వస్తున్నాయని 1948లోనే ఫెయిర్‌బ్యాంక్ అనే బ్రిటిష్ వైద్యుడు చూపించారు. కనుక నేడు వీలైనంతవరకు దానిని నిలబెట్టడమే లక్ష్యం. దాని వెలుపలి అంచుకు రక్తప్రసరణ ఉన్నది కాబట్టి అక్కడి చిరుగును కుడితే అతుక్కునే అవకాశం ఉంది. లోపలి అంచుకు ఆ భాగ్యం లేదు.

ఇక వయసుతో పాటు వచ్చే చిరుగు సంగతి. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ పట్టణంలో 50 నుండి 90 ఏళ్ళ వయసు గల 991 మందికి ఎం.ఆర్.ఐ. తీసి, 2008లో ఫలితాలు ప్రచురించారు. మెనిస్కస్ చిరుగు ఉన్నవారిలో 61 శాతం మందికి అంతకు ముందు నెలలో మోకాలి నొప్పిగాని, పట్టేయడంగాని లేనేలేదు. అంటే యాభై దాటిన మోకాలిలో చిరుగు కనబడినంత మాత్రాన నొప్పికి అదే కారణమనడానికి వీలులేదు. నెరసిన వెంట్రుకను చూపి తలనొప్పికి కారణం ఇదేనన్నట్లు ఉంటుంది.

మరి ఆ చిరుగును సరిచేస్తే నొప్పి తగ్గుతుందా? దీనిని తేల్చడానికి వైద్యులు సాహసోపేతమైన ప్రయోగాలు చేశారు. అమెరికాలోని హ్యూస్టన్‌లో కీళ్ళ అరుగుదల ఉన్న 180 మందిని మూడు వర్గాలుగా చేశారు. ఒక వర్గానికి కీలును కడిగారు. రెండవ వర్గానికి కడిగి, లోపల గరుకుదేలిన భాగాలను తొలగించారు. మూడవ వర్గానికి చర్మంపై గాట్లు మాత్రం పెట్టి కుట్టివేశారు. ఎవరికి ఏమి చేశారో రోగులకు తెలియదు. 2002లో ప్రకటించిన ఫలితం ప్రకారం, రెండేళ్ళ పాటు గమనించినా ఆ గాట్ల వర్గం కంటే మిగిలినవారికి ఎక్కువ మేలు జరగలేదు. 2013లో ఫిన్లాండు వైద్యులు 35 నుండి 65 ఏళ్ళ వయసున్న 146 మందిపై ఇటువంటి పరీక్షే చేశారు. వారందరికీ ఉన్నది అరుగుదల వల్ల వచ్చిన మెనిస్కస్ చిరుగు. ఏడాది తరువాత, చిరుగు తొలగించినవారికీ, తొలగించినట్లు నటించినవారికీ తేడా కనబడలేదు. 2017లో ఒక అంతర్జాతీయ నిపుణుల బృందం అరుగుదల మోకాళ్ళలో దాదాపు అందరికీ ఈ శస్త్రచికిత్స వద్దని గట్టిగా సిఫారసు చేసింది.

భుజం విషయంలోనూ ఇదే పాఠం. చేయి పైకెత్తినప్పుడు భుజం ఎముక కింద స్నాయుబంధకం ఒరుసుకుంటున్నదని చెప్పి, రంధ్రాల గుండా ఆ ఎముకను కొంత చెక్కడం ఎంతో కాలంగా ఉన్న పద్ధతి. బ్రిటనులో 313 మందిపై జరిపి 2018లో ప్రచురించిన పరిశోధనలో, ఎముక చెక్కినవారికీ, లోపల చూసి ఏమీ చేయకుండా వచ్చేసినవారికీ ఫలితంలో భేదం లేదని తేలింది.

‘గోటితో పోయేదానికి గొడ్డలెందుకు’ అన్నారు పెద్దలు. ఇప్పుడు గొడ్డలి గోరంత సన్నబడింది. సన్నబడినంత మాత్రాన అది గొడ్డలి కాకపోదు. మత్తుమందు ఉన్నది, కీలులో చీము పట్టే ప్రమాదమున్నది, కాలి సిరలలో రక్తం గడ్డకట్టే అవకాశమున్నది. ఇవి అరుదే గాని లేనివి కావు. ఖర్చు సంస్థదే కావచ్చును, మోకాలు మాత్రం మనది.

చిన్న రంధ్రం ప్రాణం పోసే చోటు

ఇంతవరకు చదివి శస్త్రచికిత్స అంటేనే వద్దనుకుంటే మేము చేసిన పొరపాటే మీరూ చేసినవారవుతారు. పైన చెప్పిన ఫిన్లాండు పరీక్షలో దెబ్బ తగిలి చిరిగినవారినీ, మోకాలు ఇరుక్కుపోయినవారినీ చేర్చుకోనే లేదు. చిరిగిన ముక్క కీలు మధ్యకు జారి అడ్డుపడితే, తలుపు సందున చెక్క ముక్క పడినట్లే. ఎంత వ్యాయామం చేసినా తలుపు మూసుకోదు. దానిని త్వరగా సరిచేయాలి. కీలులో చీము పట్టినప్పుడు కడగడం, లోపల తిరుగాడే ఎముక ముక్కలను తీయడం, ఆటగాళ్ళలో తెగిన ముందరి క్రూసియేట్ లిగమెంటు స్థానంలో రోగి స్నాయుబంధకాన్నే తీసి అమర్చడం, కిందపడినప్పుడు భుజంలో తెగిన స్నాయుబంధకాన్ని ఎముకకు తిరిగి బిగించడం, ఇవన్నీ ఈ విద్య సార్థకమయ్యే సందర్భాలు.

ఇంతకంటే చిన్న రంధ్రాలతో చేసేవీ ఉన్నాయి. మడిచిన వేలు కొక్కెంలా ఇరుక్కుని టక్కున తెరుచుకునే జబ్బును ట్రిగ్గర్ ఫింగర్ అంటారు. మధుమేహం ఉన్నవారిలో ఇది ఎక్కువ. వేలిని వంచే స్నాయుబంధకం దూరే ఉంగరం వంటి తొడుగు ఇరుకవడమే కారణం. ఇంజెక్షనుతో తగ్గకపోతే, ఆ చోటు మాత్రమే తిమ్మిరెక్కించి, సూది మొనతోనే ఆ తొడుగును విడదీయవచ్చు. పుట్టుకతో వంకర పాదం ఉన్న పసివారికి అమెరికాలోని అయోవాలో ఇగ్నాసియో పాన్సెటీ రూపొందించిన పద్ధతి మరొక ఉదాహరణ. వారం వారం పట్టీ మారుస్తూ పాదాన్ని క్రమంగా తిప్పుతారు. చివరకు చాలామంది పిల్లలకు మడమ వెనుక స్నాయుబంధకాన్ని చిన్న గాటుతో వదులు చేస్తారు. కుట్టు కూడా అవసరముండదు. మూడు వారాల పట్టీలో అది తిరిగి అతుక్కుంటుంది. అయితే ఆ తరువాత సుమారు నాలుగేళ్ళ వయసు వరకు రాత్రిళ్ళు ప్రత్యేకమైన బూట్లు తొడగాలి. అక్కడ తల్లిదండ్రులు అలసిపోతే పాదం మళ్ళీ వంకరపోతుంది. గాటు క్షణాలది, చికిత్స సంవత్సరాలది.

అడగవలసిన ప్రశ్నలు

శస్త్రచికిత్స చేయించుకోమని ఎవరైనా చెప్పినప్పుడు మన ఉద్యోగులు, వారి కుటుంబ సభ్యులు ఈ క్రింది ప్రశ్నలు అడగవలసిందిగా మనవి.

మొదటిది: సరిచేయబోయే లోపం ఏది? నా నొప్పికి అదే కారణమని పరీక్షించిన చేయి చెబుతున్నదా, ఎం.ఆర్.ఐ. కాగితం మాత్రమే చెబుతున్నదా?

రెండవది: ఆరు నెలలు ఆగితే ఏమవుతుంది? నష్టమేమీ లేదన్నది జవాబైతే, ఆగడానికి సందేహించనక్కరలేదు.

మూడవది: వ్యాయామం నిజంగా చేశానా? కుర్చీలో కూర్చుని మోకాలు చాపి, పది లెక్కపెట్టేవరకు నిలిపి దించడం వంటివి నాలుగు రోజులు చేసి మానేయడం చికిత్స కాదు. తొడ కండరం బలపడడానికి కనీసం పన్నెండు వారాలు పడుతుంది. బరువు తగ్గడం కూడా అందులో భాగమే.

నాలుగవది: రంధ్రం మానిన తరువాత ఎంత కాలం? చర్మం పది రోజులలో మానుతుంది. లోపల అమర్చిన లిగమెంటుతో తిరిగి ఆడడానికి తొమ్మిది నెలలు వేచి ఉండమంటారు.

ఇక ఆగకూడని సందర్భాలు ఇవి. దెబ్బ తరువాత మోకాలు పూర్తిగా చాపలేకపోవడం. దెబ్బ తగిలిన కొద్ది గంటలలోనే బాగా వాచడం. జ్వరంతో పాటు కీలు ఎర్రగా వేడెక్కి వాచడం. పడిన తరువాత చేయి పైకెత్తలేకపోవడం. వీటిలో ఏది కనిపించినా వెంటనే వైద్యుని వద్దకు వెళ్ళాలి. గేటు వద్ద ఎదురైన ఇంజనీరును అడగరాదు.

ఫోర్‌మన్ గారు మూడు నెలలు విడవకుండా ఫిజియోథెరపీకి వెళ్ళారు. నొప్పి పూర్తిగా పోలేదు. అయితే కన్వేయరు మెట్లు ఆగకుండా ఎక్కుతున్నారు. శస్త్రచికిత్స ఊసు ఎత్తడం లేదు.

కుర్రవానికి నాలుగవ వారంలో ఆర్థ్రోస్కోపీ జరిగింది. చిరిగిన మెనిస్కస్‌లో కొంత కుట్టగలిగారు. కొంత నలిగిపోయినందున తీసివేయవలసి వచ్చింది. మొదటి వారంలోనే వచ్చి ఉంటే మొత్తం నిలిచేదా అని వైద్యాధికారిణిని అడిగాము. “చెప్పలేము. కానీ మూడు వారాలు దానిమీదే నడిచాడు” అన్నారు. కాలు ఇప్పుడు చాపుతున్నాడు. కబడ్డీ ఇంకా మొదలుపెట్టలేదు.

అతని తండ్రి గేటు వద్ద ఇప్పటికీ మునుపటిలాగే నమస్కరిస్తారు. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అనకపోయినా ఆ ఒక్క ప్రశ్న అడగకపోవడం మా పొరపాటే. మీ ఇంట ఎవరైనా మోకాలు పట్టుకుని వస్తే, నివేదిక విప్పే ముందు కాలు చాపమని అడగండి.